ప్రస్థానం మూట

మా నాన్నకి ప్రయాణంలో పట్టినంత నిద్ర ఇంట్లో పట్టేది కాదు. రాయగడలో మాది చింతపండు, పసుపు టోకు వ్యాపారం. సరుకు కోసం కొండ సంతలు తిరిగీ తిరిగీ ఆయనకో అలవాటు అబ్బింది. బస్సు ఆగిపోతే భుజం మీది తువ్వాలు దులిపి, ఏ దుకాణం అరుగు మీదో పరుచుకుని పడుకునేవాడు. లారీ బురదలో దిగబడినా అంతే. చేతిసంచిలో మరమరాలు, బెల్లంముక్క, వేయించిన వేరుసెనగ ఎప్పుడూ ఉండేవి. బండి పని బండివాడు చేసుకుంటాడు, మన పని మనం చేసుకోవాలి అనేవాడు. మన పని అంటే తినడం, పడుకోవడం.

నాకు ఆయన పోలిక రాలేదు. నాది నానమ్మ కోపం. పాలవాడు ఆలస్యంగా వచ్చాడంటే ఆవిడ గొంతు వీధి చివరిదాకా వినిపించేది. నేను అంత పైకి అరవను గానీ, టిక్కెట్ల వరసలో నా ముందున్నవాడు చొక్కా జేబులన్నీ తడుముకుంటూ నిలబడితే నాకు లోపల కుతకుత ఉడికిపోయేది. నాన్న అది చూసి నవ్వేవాడు. ఆ నవ్వుకి ఇంకా మండేది.

తొంభైల చివర్లో, ఒక వానాకాలం, పొట్టంగి హైస్కూల్లో నాకు సైన్సు టీచరు ఉద్యోగం వచ్చింది. నేను చాలా ఏళ్ళు ఎదురుచూసిన ఉద్యోగం అది. అప్పటికే వయసు పరిమితి అంచున ఉన్నాను. ఇది చేజారితే మళ్ళీ దరఖాస్తు పెట్టే అర్హత కూడా ఉండదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని ఫలానా సోమవారంలోగా స్కూల్లో చేరాలని, లేకపోతే ఉద్యోగం జాబితాలో తర్వాతి వాళ్ళకి పోతుందని ఉత్తర్వులో ఉంది. ఉత్తర్వు మా చేతికి అందేసరికి వారమే మిగిలింది. అయినా రాయగడ నుంచి పొట్టంగి ఎంతని? కొరాపుట్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. మర్నాడు వెళ్ళి చేరిపోయి రావచ్చనుకున్నాను.

మొదటిసారి నాన్నా నేనూ రైలెక్కాం. టికిరి దాటనివ్వలేదు. ముందు లక్ష్మీపూర్ వైపు వానకి కొండ మట్టి జారి పట్టాల మీద పడిందట. సాయంత్రం దాకా టికిరి స్టేషన్లో కూర్చోబెట్టి, అదే రైల్లో వెనక్కి పంపించేశారు. ఒక రోజు ఆగి రెండోసారి బస్సులో బయల్దేరాం. ఆ రోజు ఎవరో బంద్ పిలిచారు. దారికడ్డంగా చెట్లు నరికి పడేశారు. బస్సు కాస్త దూరం వెళ్ళి, తిరిగి మమ్మల్ని ఊళ్ళోనే దించింది. నాన్న రెండుసార్లూ హాయిగా నిద్రపోయాడు. నేను రెండుసార్లూ ఇంటికొచ్చి అన్నం తినలేదు.

బంద్ శనివారం దాకా సాగింది. ఇక మిగిలింది ఒకే ఒక్క అవకాశం. ఆదివారం బయల్దేరితేనే సోమవారం అందుకోగలం. అప్పుడు నానమ్మ పంచాంగం దగ్గర కూర్చుంది.

"రెండుసార్లు ఎనక్కొచ్చిన కాలు. పైగా ఆదోరం పడమటకి శూల, ఎల్లకూడదు. ఇలాగెల్తే మళ్ళీ తిరిగొచ్చెత్తాది" అంది. దానికి విరుగుడు కూడా తనే చెప్పింది. శనివారం మంచి ఘడియలో ప్రస్థానం పెట్టేద్దామంది.

మా ఇళ్ళల్లో ఇది మామూలే. బయల్దేరాల్సిన రోజు మంచిది కాకపోతే, ముందే మంచి సమయం చూసి మనతో తీసుకెళ్ళే సామాన్లో ఒక మూటని వేరే వాళ్ళింట్లో పెడతారు. దాంతో మనం బయల్దేరిపోయినట్టే లెక్క. తర్వాత ఎప్పుడు కాలు కదిపినా దోషం లేదు. కాకపోతే ఆ మూట మళ్ళీ మన గడప తొక్కకూడదు. నేల మీద పెట్టకూడదు. వెళ్ళేటప్పుడు దారిలో అందుకుని అలాగే పోవాలి. మామూలుగా అయితే ఒక జత బట్టలు, కాసిని పసుపు బియ్యం కట్టి పెడతారు. నానమ్మకి అది చాలలేదు. ఈ పిల్ల వెళ్తున్నది బట్టల కోసం కాదు గదా అని, నా సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, పసుపు బియ్యం చల్లి, తువ్వాల్లో మూట కట్టి గుడ్డసంచిలో పెట్టింది. నేను వద్దన్నాను. రెండుసార్లు వెనక్కొచ్చాక నా మాటకి ఇంట్లో విలువ తగ్గింది.

మూట పక్కింటి పిన్ని వాళ్ళింట్లో పెట్టాం. పిన్నికీ మాకూ చుట్టరికం లేదు, మధ్యలో గోడ ఒక్కటే ఉంది. ఆవిడ పుట్టిల్లు సాలూరు. భర్త లారీ నడిపేవాడు, ఎప్పుడో గానీ ఇంటిపట్టున ఉండేవాడు కాదు. పిన్ని తలస్నానం చేసి, కడిగిన పీట మీద నా మూటని పెట్టుకుని, దానికి బొట్టు కూడా పెట్టింది. నా మూట నాకంటే మర్యాదలు అందుకుందని నవ్వాను.

ఆదివారం పొద్దున్న స్నానాలు చేసి, నుదుట బొట్లతో పిన్ని వాకిట్లోకి వెళ్ళాం. తలుపుకి తాళం వేసి ఉంది.

కిటికీలోంచి చూస్తే పీట ఖాళీ. వీధి చివర ఫోను ఉన్న దుకాణాయన వచ్చి చెప్పాడు: ఇంకా తెల్లవారక ముందే సాలూరు నుంచి పిన్నికి ఫోనొచ్చింది, వాళ్ళమ్మకి బాగాలేదు, వెంటనే రమ్మన్నారు. పార్వతీపురం మొదటి బస్సుకి ఆవిడ వెళ్ళిపోయింది. బస్సులో ఒక గుడ్డసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట.

నా చదువంతా ఆ సంచిలో ఉంది. పక్కగోడ అవతల నేను నిద్రపోతుంటే ఒక్కసారి తలుపు తట్టి ఇచ్చేసి పోలేకపోయిందా అని గట్టిగానే అన్నాను. ఎన్నడూ లేనిది నానమ్మ గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఎలా తడతాదమ్మీ? పొద్దున్నే అలాంటి కబురట్టుకుని పయనవున్న ఇంటి గుమ్మం తొక్కుతారేటి? మూట మన గడప తొక్కకూడదు. ఖాళీ ఇంట్లో ఎట్టి తాళవేసిందంటే నీ పయనానికే తాళవేసినట్టు. అందుకే అట్టుకెలిపోనాది. పొట్టంగి సాలూరు రోడ్డు మీదే గదా, బస్సులో ఏసేస్తాది."

బాగాలేదు అన్న మాటకి అర్థం మాకందరికీ తెలుసు. దూరాన ఉన్న ఆడపిల్లకి ఫోన్లో అంతకు మించి ఎవరూ చెప్పరు. ఆ కబురు ఎవరి నోటా పూర్తిగా రాలేదు కాబట్టి ఎవరమూ పూర్తిగా అనుకోలేదు.

మనమూ సాలూరు మీదుగా పోదామన్నాను. నాన్న తల అడ్డంగా ఊపాడు. ఆ ఇంటికి వెళ్ళి నా మూటేదీ అని ఎలా అడుగుతామన్నాడు. అది నిజమే. ఒక వస్తువుని బస్సులో వెయ్యడం మా వైపు కొత్త సంగతీ కాదు. మందులు, లగ్నపత్రికలు, పెళ్ళిచీరలు, ఒక్కోసారి బతికున్న కోళ్ళు కూడా డ్రైవర్ల చేతుల మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కి దిగేవి. ఫలానా ఊరు బస్సులాగే చోట ఫలానా దుకాణంలో ఇవ్వమంటే ఇచ్చేవాళ్ళు. ఇదంతా నాకూ తెలుసు. కానీ ఆ కోళ్ళు నా సర్టిఫికెట్లు కావు.

చేతిలో ఏ కాగితమూ లేకుండా, ఉద్యోగంలో చేరడానికి రైలెక్కాను. టికిరి దాటింది. హమ్మయ్య అనుకునేలోపు కొండల మధ్య ఆగిపోయింది. వాన. పక్కన లోయ, కింద ఆకుపచ్చటి మడి చెక్కలు, ఒక మనిషి తాటాకు గొడుగు కింద కదలకుండా మమ్మల్నే చూస్తున్నాడు. ఎందుకాగిందో ఎవరికీ తెలీదు. కిటికీ దగ్గరికీ గుమ్మం దగ్గరికీ నేను తిరుగుతూనే ఉన్నాను. పిన్నిని తిట్టుకున్నాను, నానమ్మని తిట్టుకున్నాను, పంచాంగం కనిపెట్టినవాణ్ణి తిట్టుకున్నాను. నాన్న సీటు మీద కాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. ఇక ఉండబట్టలేక లేపేశాను. మూట రాకపోతే ఏం చెయ్యాలని అడిగాను.

"రాకపోతే అప్పుడు ఏడుద్దువు గాని అమ్మీ. ఇప్పుడేడిస్తే రెండుసార్లేడిసినట్టు" అన్నాడు, కళ్ళు తెరవకుండానే. తర్వాత కళ్ళు తెరిచి, మరమరాలు నా చేతిలో పోశాడు. "ఆయమ్మ సేతిలో ఉంది గదా. మన సేతిలో ఉన్నట్టే" అన్నాడు.

నాకు నమ్మకం కుదరలేదు. కానీ మరమరాలు తిన్నాను. ఆకలిగా ఉందని తిన్నాకే తెలిసింది.

కొరాపుట్ చేరేసరికి పొట్టంగి బస్సు వెళ్ళిపోయింది. నాన్నకి తెలిసిన వ్యాపారి ఇంట్లో పడుకున్నాం. సోమవారం మొదటి బస్సుకే కూర్చున్నాం. సెమిలిగుడ దాటాక టైరు పేలింది. స్టెప్నీ తీస్తే అందులోనూ గాలి లేదు. అప్పటికి నాలో కోపం కూడా అయిపోయినట్టుంది. దిగి, నాన్న తువ్వాలు ఒక చివర నేనే పరిచి కూర్చున్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. కాసేపటికి సంతకి వెళ్ళే జీపు ఒకటి ఆగితే, అల్లం బస్తాల మీద కూర్చుని పొట్టంగి వెళ్ళాం.

బస్సులాగే చోట పచారీ దుకాణం ఒకటుంది. మా వాళ్ళదే, శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళది. నాన్న అడగబోయేలోపే నేను చూశాను. దుకాణం దూలానికి కొక్కెం ఉంది. అరటిగెల పక్కన, నేలకి అంత ఎత్తున, నా గుడ్డసంచి వేలాడుతోంది.

ముందటి రోజు సాయంత్రం సాలూరు నుంచి జయపురం వెళ్ళే బస్సు డ్రైవరు ఇచ్చి వెళ్ళాడట. ప్రస్థానం మూట, నేల తగలనివ్వొద్దు, ఒక టీచరమ్మ వస్తుంది అని మరీ మరీ చెప్పాడట. ఘాట్ పొడుగునా దాన్ని తన పక్కనే తగిలించుకుని వచ్చాడట. నేను ఇంకా టీచర్ని కాలేదు. నా మూట అప్పటికే అందరికీ చెప్పేసింది.

హెడ్మాస్టరుగారు పెద్దాయన, ఒడియా మనిషి. ఆయన ముందు మూట విప్పితే మెట్రిక్ సర్టిఫికెట్ మీంచి పసుపు బియ్యం బల్ల మీద జలజలా రాలాయి. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన ఒక గింజ వేలితో తీసి చూసి, మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరో ఉన్నారన్నమాట అని ఒడియాలో అని, నా చేత సంతకం పెట్టించుకున్నారు. సంతకం పెడుతుంటే నాకు ఏడుపొచ్చేసింది. బయట వరండాలో నాన్న తువ్వాలు పరుచుకుని అప్పటికే పడుకున్నాడు.

పిన్ని వాళ్ళమ్మ ఆ ఆదివారమే పోయిందని తర్వాత తెలిసింది. కర్మలన్నీ అయ్యాక పిన్ని రాయగడ వచ్చినప్పుడు పలకరించడానికి వెళ్ళాను. ఏడిస్తే ఎలా ఓదార్చాలా అని భయపడుతూ వెళ్ళాను. ఆవిడ నన్ను చూడగానే అడిగింది మూట అందిందా అని. అందిందన్నాను. సంతోషం, చేరిపోయావు గదా అంది. అంతే.

ఆ తర్వాత ఉద్యోగంలో నాకు ఇలాంటి రోజులు లెక్కలేనన్ని. ప్రయోగశాల కోసం కొరాపుట్ నుంచి గాజు సామాను పెట్టె తెప్పిస్తే, ఘాట్ కుదుపులకి లోపల గడ్డి తప్ప ఏదీ చెక్కుచెదరకుండా మిగల్లేదు. ఆ పెంకుల్నే పిల్లలకి చూపించి గాజు గురించి పాఠం చెప్పాను. ఇన్‌స్పెక్షన్ రోజున తరగతి గది కప్పు కారి, బోర్డు మీద నేను వేసిన గుండె బొమ్మ అధికారి కళ్ళముందే కరిగి కిందికి జారింది. ఎన్నికల డ్యూటీకి వెళ్ళిన జీపు వాగులో ఆగిపోతే పోలింగు పెట్టెలతో పాటు ఒడ్డున కూర్చున్నాను. మెల్లమెల్లగా నా సంచిలోకి కూడా మరమరాలు, బెల్లం, ఒక తువ్వాలు వచ్చి చేరాయి. కోపం పోయిందని చెప్పను. ముందు తినేసి తర్వాత కోప్పడదామని వాయిదా వేసేదాన్ని. తిన్నాక సగం గుర్తుండేది కాదు.

ఏ స్టాఫ్ రూములోనైనా ప్రయాణాల కబుర్లు వస్తే నా మూట కథ చెప్పమనేవాళ్ళు. నాకంటే ముందు నా సర్టిఫికెట్లు డ్యూటీలో చేరిపోయాయని చెప్పేదాన్ని. పక్కింటి పిన్ని తెల్లారకుండా నా చదువుని ఒళ్ళో పెట్టుకుని పారిపోయిన ఘట్టం దగ్గర అందరూ పడీపడీ నవ్వేవారు. ఆ ఘట్టాన్ని కాస్త పెంచి చెప్పడం కూడా అలవాటైంది.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి, నాకు లక్ష్మీపూర్ బదిలీ అయి రాయగడ నుంచే రైల్లో తిరుగుతున్న రోజుల్లో, పిన్నికి చూపు మందగించింది. భర్త ఎప్పటిలాగే లారీ మీద ఉన్నాడు. నేను సెలవు పెట్టి ఆవిణ్ణి కొరాపుట్ కంటి డాక్టరు దగ్గరికి బయల్దేరదీశాను. టికిరి దాటాక రైలు ఆగిపోయింది. కొండలు, లోయ, వాన. ఇంచుమించు ఆ చోటే. నేను నవ్వి, మరమరాలు తీసి ఆవిడ చేతిలో పోశాను.

ఆ రోజు కూడా ఇక్కడే ఆగామని, ఆవిణ్ణి తెగ తిట్టుకున్నానని సరదాగానే చెప్పాను. పిన్ని కూడా నవ్వింది. నమలడం ఆపి కిటికీ వైపు చూసింది. ఆ కళ్ళకి లోయ ఎంతవరకు కనిపిస్తోందో నాకు తెలీదు.

"నువ్విక్కడుంటే నాను సాలూరు బస్టాండులో ఉన్నానమ్మీ" అంది. "గాట్లో మట్టిరిగి పడిపోనాదని జయపురం బస్సు రాలేదు. ఇదిగో వస్తాది, అదిగో వస్తాదంటన్నారు. ఇంతలోకి మా తమ్ముడొచ్చేడు. తడిబట్ట కట్టుకున్నాడు, వంటి మీద సొక్కా లేదు. ఆడి మొకం సూస్తే ఇంకేటి సెప్పాల? నోరు తెరవబోతంటే సెయ్యడ్డెట్టేసినాను. ఒరే, నాకేటీ సెప్పకు, నువ్వు సెప్పీసినావంటే నాకు మైలొచ్చెత్తాది, ఈ మూట ముట్టుకోకూడదు, ఇది బస్సెక్కీదాకా నాకేటీ సెప్పకు అన్నాను."

తమ్ముడేం చేశాడని అడిగాను.

"నిలబడ్డాడు పాపం. సెప్పలేడు, నన్నొగ్గేసి ఎల్లలేడు. ఆకరికి ఎవులో వచ్చి ఆణ్ణి పిలుసుకుపోనారు. వాన ముంచుకొస్తందని అమ్మని ఎత్తీసినారు. బస్సొచ్చింది, తెలిసిన డైవరే, మూట ఆడి సేతికిచ్చి నానెల్లేను. నానెల్లీసరికి ఇల్లు కడిగీసినారు."

ఎవరికైనా ఇచ్చేసి వెళ్ళిపోవలసింది పిన్నీ అన్నాను. ఇన్నేళ్ళకి ఆ మాట అనడం ఎందుకో నాకే తెలీదు. ఆవిడ మరమరాల్లోంచి బెల్లంముక్క ఏరుకుంది.

"అమ్మ కాడ నలుగురున్నారమ్మీ. ఆ మూట కాడ నానొకర్తినే గదా" అంది.

మా ఇద్దరి కాళ్ళ దగ్గర పిన్ని సంచి ఉంది. అందులో ఒక చీర, పాత కళ్ళజోడు, అన్నం గిన్నె ఉన్నాయి. వంగి దాన్ని తీసి తువ్వాలుతో దుమ్ము దులిపి నా ఒళ్ళో పెట్టుకున్నాను. రైలు ఎప్పుడు కదిలిందో గమనించలేదు. కొరాపుట్ వచ్చేదాకా దాన్ని కింద పెట్టలేదు.